కంట పడని వెండి

అమెరికాలో 1964 తేదీతో ముద్రించిన క్వార్టర్లు, అంటే 25 సెంట్ల నాణేలు, 120 కోట్లకు పైగా. మరుసటి ఏడాది 1965 తేదీతో వచ్చినవి 180 కోట్లకు పైగా. రెండింటి మీదా ఉన్నది జార్జ్ వాషింగ్టన్ బొమ్మే. రెండింటి వ్యాసమూ 24.26 మిల్లీమీటర్లే. కొట్లో ఏది ఇచ్చినా పాతిక సెంట్ల సరుకే వస్తుంది. జేబులోంచి జారిపోవడం, మురికి కాలవల్లో పడిపోవడం, చేతులు మారి అరిగిపోవడం లాంటి గండాలు ఈ అరవై ఏళ్లలో రెండింటికీ ఒకేలా ఎదురయ్యాయి. ఆ లెక్కన ఇవాళ చిల్లరలో మూడు 1965 క్వార్టర్లు కనబడిన చోట రెండు 1964వి కనబడాలి. అలా జరగడం లేదు. 1965వి ఇప్పటికీ మామూలుగా చేతికొస్తున్నాయి. 1964వి మాత్రం వేల నాణేలు తిరగేస్తే ఒకటి దొరికితే దొరికినట్టు. రెండింటికీ ఉన్న ముఖ్యమైన తేడా లోహం ఒక్కటే. 1964 దానిలో నూటికి 90 పాళ్లు వెండి, 1965 దానిలో అసలు లేదు. ప్రయోగశాలలో కష్టపడి ఏర్పాటు చేసినా ఇంత శుభ్రమైన పోలిక కుదరదు. మిగతా కారణాలన్నీ సమానంగా ఉండి ఒక్క లోహం మాత్రమే మారిన ప్రయోగాన్ని చరిత్రే చేసి పెట్టింది.

ఆ మిగిలిపోయిన వెండి కోసం వెతికేవాళ్లు అమెరికాలో ఇప్పటికీ చాలామంది ఉన్నారు. బ్యాంకుకు వెళ్లి నోట్లిచ్చి, కాగితంలో చుట్టిన నాణేల రోల్స్ తీసుకుంటారు. డైమ్ (10 సెంట్ల) రోల్‌లో 50, క్వార్టర్ల రోల్‌లో 40, హాఫ్ డాలర్ల రోల్‌లో 20 నాణేలుంటాయి. యాభై రోల్స్ కలిస్తే ఒక పెట్టె. హాఫ్ డాలర్ల పెట్టె ఖరీదు 500 డాలర్లు, అందులో వెయ్యి నాణేలు. ఇంటికి తెచ్చి ఒక్కొక్కటే చూసి, వెండివి పక్కన పెట్టి, మిగిలినవి మళ్లీ బ్యాంకులో జమ చేస్తారు. దీన్ని చాలామంది లాటరీ లాంటి అదృష్టపు ఆటగా చూస్తారు. నేను ఒప్పుకోను. ఏ నాణెంలో వెండి ఎక్కువగా మిగిలింది, ఏ నాణెంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది అన్నదానికి ఒక క్రమం ఉంది. ఎన్ని వెండి నాణేలు ముద్రించారు, ఒక్కో దానిలో ఎంత వెండి ఉంది అన్న లెక్కలతో ఆ క్రమం కుదరదు. మనుషుల చూపు ఏ నాణెం మీద ఎంతగా పడింది, వెండి అని గుర్తుపట్టడం ఎంత సులువు అన్న లెక్కతోనే కుదురుతుంది. నేను వాదించదలచుకున్నది ఇదే.

ముందు ఆ వెండి ఎలా మాయమైందో చూడాలి. 1960ల మొదట్లో అమెరికాలో చిల్లరకు తీవ్రమైన కొరత వచ్చింది. అదే సమయంలో వెండి ధర పెరుగుతోంది. ఒక వెండి హాఫ్ డాలర్ బరువు 12.5 గ్రాములు, అందులో అసలు వెండి 11.25 గ్రాములు. ట్రాయ్ ఔన్సు (31.1 గ్రాములు) వెండి ధర 1.38 డాలర్లు దాటిన మరుక్షణం ఆ నాణెంలోని లోహం దాని మీద రాసిన 50 సెంట్ల కన్నా విలువైనదవుతుంది. ఆ ప్రమాదం ముంచుకొస్తోందని 1965 జులై 23న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త నాణేల చట్టం మీద సంతకం చేశారు. డైమ్‌లో, క్వార్టర్‌లో వెండి పూర్తిగా తీసేశారు. హాఫ్ డాలర్‌లో 90 నుంచి 40 శాతానికి తగ్గించారు, 1971 నుంచి అదీ లేదు. పాత వెండి నాణేలు చలామణీలోంచి మాయం కావని, ఖజానా దగ్గర సరిపడా వెండి నిల్వలున్నాయని, దాచుకున్నవాళ్లకు లాభముండదని ఆ రోజు జాన్సన్ ప్రజలకు నచ్చజెప్పారు. కానీ 1967 జులైకల్లా ఖజానా ఔన్సుకు 1.29 డాలర్ల ధరకు వెండి అమ్మడం మానుకోవలసి వచ్చింది. మరికొన్నేళ్లలోనే పాత నాణేలు రోజువారీ చిల్లరలో అరుదైపోయాయి.

దీనికి అర్థశాస్త్రం చెప్పే కారణం గ్రేషమ్ సూత్రం. చెడ్డ డబ్బు మంచి డబ్బును చలామణీలోంచి వెళ్లగొడుతుందన్నది దాని సారాంశం. ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లండ్ వ్యాపారి థామస్ గ్రేషమ్ పేరును ఈ సూత్రానికి పందొమ్మిదో శతాబ్దంలో ఆర్థికవేత్త హెన్రీ మెక్లియాడ్ తగిలించాడు. అంతకు ముందే, పదహారో శతాబ్దపు తొలి భాగంలో, ఖగోళ శాస్త్రవేత్త కోపర్నికస్ నాణేల గురించి రాస్తూ ఇదే సంగతి గమనించాడు. ఒకే ముఖవిలువ ఉన్న రెండు నాణేల్లో ఒకదానిలో విలువైన లోహముంటే ఎవరైనా దాన్ని అట్టే పెట్టుకుని రెండోదాన్ని ఖర్చు పెడతారు. ఈ సూత్రం నిజమే. కానీ పాఠ్యపుస్తకాల్లో దీన్ని గురుత్వాకర్షణ మాదిరిగా, మనిషి ప్రమేయం లేకుండా దానంతటదే జరిగిపోయే విషయంగా రాస్తారు. నా అభ్యంతరం అక్కడే. రాయి కింద పడడానికి ఎవరూ దాన్ని చూడనక్కర్లేదు. మంచి నాణెం పక్కకు పోవాలంటే మాత్రం ఎవరో ఒకరు దాన్ని చూడాలి, గుర్తుపట్టాలి, తీసి పెట్టుకోవడం శ్రమకు తగినదనుకోవాలి. ఈ మూడింట్లో ఏది లోపించినా సూత్రం అక్కడ ఆగిపోతుంది. ఇవాళ రోల్స్‌లో దొరికే ప్రతి వెండి నాణెమూ ఈ మూడింట్లో ఏదో ఒకటి లోపించడం వల్ల మిగిలినదే.

గుర్తుపట్టడం దగ్గర మొదలుపెడదాం, ఎందుకంటే కొత్త నాణేన్ని తయారుచేసిన శాస్త్రవేత్తలు కావాలనే గుర్తింపును కష్టం చేశారు. కష్టం చేసింది మనుషులకు కాదు, యంత్రాలకు. అప్పటికే అమెరికాలో కూల్‌డ్రింకులు, సిగరెట్లు అమ్మే వెండింగ్ మెషీన్లు వీధివీధినా ఉన్నాయి. వాటిలో వేసిన నాణెం ఒక అయస్కాంతం పక్కనుంచి దొర్లుతుంది. అయస్కాంత క్షేత్రంలో కదిలే లోహంలో సుడులు తిరిగే విద్యుత్ పుడుతుంది, వాటినే ఎడ్డీ కరెంట్లంటారు. అవి నాణేన్ని వెనక్కి లాగి దాని వేగం తగ్గిస్తాయి. ఎంత తగ్గిస్తాయన్నది ఆ లోహపు విద్యుత్ వాహకత మీద, సాంద్రత మీద ఆధారపడి ఉంటుంది. వెండి అన్ని లోహాల్లోకీ మేటి వాహకం కాబట్టి వెండి నాణెం బాగా నెమ్మదించి సరైన గాడిలో పడుతుంది, సీసం బిళ్లో ఉక్కు వాషరో వేరే దారి పడుతుంది. మామూలు రాగి నికెల్ మిశ్రమంతో క్వార్టర్ చేస్తే దాని వాహకత వెండిలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు, యంత్రాలన్నీ తిప్పికొట్టేవే. ఈ చిక్కును ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోని బ్యాటెల్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ అధ్యయనం చేసి ఒక ఉపాయం సూచించింది. లోపల స్వచ్ఛమైన రాగి, దానికి రెండు వైపులా 75 పాళ్లు రాగి, 25 పాళ్లు నికెల్ కలిపిన మిశ్రమంతో తాపడం. వాహకతలో రాగి వెండికి దగ్గరి చుట్టం. పైకి తెల్లగా, లోపల రాగిగా ఉన్న ఈ నాణేన్ని యంత్రం వెండి నాణెంలాగే స్వీకరిస్తుంది. ఒక్క రోజులో దేశంలోని వెండింగ్ మెషీన్లన్నీ మార్చే పని తప్పింది.

కానీ తాపడం వల్ల ఒక ఆనవాలు మిగిలిపోయింది. నాణేన్ని అచ్చు గుద్దే ముందు పెద్ద రేకులోంచి బిళ్లలుగా కోస్తారు కాబట్టి అంచు దగ్గర లోపలి రాగి బయటపడుతుంది. క్వార్టర్‌ను పక్కకు తిప్పి చూస్తే ఎర్రటి గీత. వెండి క్వార్టర్ అంచు అంతా తెల్లగా ఉంటుంది. సాంద్రత తేడా వల్ల బరువూ మారింది. వెండి క్వార్టర్ 6.25 గ్రాములు, తాపడపుది 5.67. రాతి మీద వేస్తే మోతా మారింది. వెండిది ఖంగుమని కాసేపు మోగుతుంది, పొరలున్నది చప్పగా మోగి ఆగుతుంది. అంటే కొత్త నాణెం యంత్రానికి పాతదానిలాగే, మనిషికి వేరుగా తయారైంది. యంత్రం చేతిలో వెండి క్షేమం, మనిషి కంట పడితే పక్కకు పోతుంది. రోల్స్‌లో మిగిలిన వెండి పంపకాన్ని ఈ ఒక్క సంగతితో చాలావరకు వివరించవచ్చు.

క్వార్టర్లే తీసుకోండి. అమెరికన్లు రోజూ ఎక్కువగా వాడే చిల్లర అదే. లాండ్రీ యంత్రాలు, పార్కింగ్ మీటర్లు, టోల్ గేట్లు అన్నిటికీ అదే. పైగా 1999 నుంచి 2008 దాకా ఒక్కో రాష్ట్రం పేర ఒక్కో బొమ్మతో యాభై రకాల క్వార్టర్లు విడుదలయ్యాయి. పిల్లలూ పెద్దలూ కోట్లాది మంది చేతికొచ్చిన ప్రతి క్వార్టర్‌నూ తిప్పి చూసే అలవాటులో పడ్డారు. ఏ టంకశాలా తలపెట్టకుండానే దేశం మొత్తం పదేళ్ల పాటు క్వార్టర్లను జల్లెడ పట్టింది. అందుకే ఇవాళ రోల్స్ వెతికేవాళ్లకు క్వార్టర్లలో దొరికే వెండి బహు తక్కువ. డైమ్‌లో వెండి క్వార్టర్‌లో ఉన్నదానిలో రెండున్నర వంతుల్లో ఒక వంతే. లాభం చూసే లెక్కయితే డైమ్‌లూ క్వార్టర్లూ ముఖవిలువకు సరిగ్గా ఒకే నిష్పత్తిలో లాభమిస్తాయి కాబట్టి రెండూ ఒకేలా మాయం కావాలి. అయినా వెతికేవాళ్ల అనుభవంలో డైమ్‌లలో వెండి మరికాస్త తరచుగా తగులుతుంది. చిన్న నాణెం అంచును ఎవరూ అంతగా పట్టించుకోరు.

నాకు అన్నిటికన్నా బలంగా తోచే సాక్ష్యం 5 సెంట్ల నాణెం. దీన్ని అక్కడ నికెల్ అనే పిలుస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో కవచాలకు, ఆయుధాలకు నికెల్ లోహం కావలసి వచ్చి, 1942 చివరి నెలల నుంచి 1945 దాకా ఈ నాణేన్ని నికెల్ లేకుండా చేశారు. 56 పాళ్లు రాగి, 35 పాళ్లు వెండి, 9 పాళ్లు మాంగనీస్. ఆ మిశ్రమాన్ని కూడా వెండింగ్ మెషీన్లు ఒప్పుకునేలా చూసే ఎంచుకున్నారు. వెనకవైపు మాంటిచెల్లో భవనపు గుమ్మటం మీద, ఏ టంకశాలలో కొట్టారో తెలిపే అక్షరం పెద్దదిగా వేశారు, ఆనవాలు అదొక్కటే. ఇందులో 1.75 గ్రాముల వెండి ఉంది. లెక్క వేస్తే వెండి ధర ఔన్సుకు 89 సెంట్లు చేరినప్పుడే ఈ నాణెంలోని లోహం 5 సెంట్లకు సమానమవుతుంది. 1962లోనే వెండి ధర డాలరు దాటింది. గ్రేషమ్ సూత్రం లోహాన్ని బట్టే పని చేసేదైతే డైమ్‌లు, క్వార్టర్ల కన్నా ముందే ఇవి మాయం కావాలి. ఇవాళ్టి లెక్కా అంతే. ఉదాహరణకు ఔన్సు వెండి 30 డాలర్లనుకుంటే 90 శాతం వెండి నాణేలు ముఖవిలువకు దాదాపు 22 రెట్లు విలువ చేస్తాయి, యుద్ధకాలపు నికెల్ దాదాపు 34 రెట్లు. అయినా అది ఇప్పటికీ నికెల్ రోల్స్‌లో వెండి క్వార్టర్ల కన్నా తేలిగ్గా దొరుకుతుంది. ఎందుకంటే మామూలు నికెల్‌కు తాపడం లేదు, మొత్తం ఒకే మిశ్రమం. అంచు చూస్తే తేడా తెలియదు. తిప్పి, గుమ్మటం మీద అక్షరం చూడాలి. పైగా 5 సెంట్ల నాణేన్ని అంత శ్రద్ధగా తిప్పి చూసేవాళ్లెవరు?

దీనికి వచ్చే ఒక అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. 35 శాతం వెండిని మాంగనీస్ నుంచి వేరు చేయడం ఖర్చుతో కూడిన పని, అందుకని వ్యాపారులు ఈ నాణేనికి తక్కువ రేటు కడతారు, కాబట్టి జనం వదిలేశారు అనవచ్చు. అది కొంత నిజం. కానీ ఆ తగ్గింపు తీసేసినా ముఖవిలువకు ఎన్నో రెట్లు మిగులుతుంది. అంత లాభాన్ని జనం తెలిసి వదులుకున్నారనడం కన్నా అసలు చూడలేదనడమే సబబు. రెండో అభ్యంతరం పలచబడడం గురించి. రాష్ట్రాల క్వార్టర్లే 3,400 కోట్లకు పైగా వచ్చాయి, ఆ సముద్రంలో పాత వెండి పలచబడిపోయిందనవచ్చు. అందుకే ఈ వ్యాసాన్ని 1964, 1965 జంటతో మొదలుపెట్టాను. కొత్త నాణేల వరద రెండు తేదీలనూ సమానంగానే పలచన చేయాలి. ఒక తేదీ మిగిలి, పక్క తేదీ మాయమైతే కారణం వరద కాదు.

ఇదే వాదనకు వెండి లేని సాక్ష్యం కూడా ఒకటుంది. 1982కు ముందరి సెంటు నాణెంలో 95 శాతం రాగి, బరువు 3.11 గ్రాములు. తరువాతిది రాగి పూత పూసిన జింకు, రెండున్నర గ్రాములు. పాతదానిలోని రాగి విలువ ఒక సెంటును దాటి చాలా ఏళ్లయింది. అయినా పాత సెంట్లు ఇప్పటికీ సెంట్ల రోల్స్‌లో మామూలుగా కనిపిస్తూనే ఉన్నాయి. సెంట్లను, నికెళ్లను కరిగించడాన్ని 2006 చివర్లో ప్రభుత్వం నిషేధించింది కాబట్టి అవి మిగిలాయనవచ్చు. ఆ నిషేధం వచ్చింది 2006లో, అంతకు ముందూ అవి చిల్లరలోనే ఉన్నాయి. పైగా 1967లో వెండి నాణేలను కరిగించడం కూడా రెండేళ్ల పాటు నిషేధించారు, జనం దాచడం ఆపలేదు. ఒక సెంటు కోసం మరో సెంటును ఏరి పెట్టడానికి ఎవరికీ ఓపిక లేదన్నదే అసలు కారణం.

ఇక హాఫ్ డాలర్. వెండి కోసం వెతికేవాళ్లలో ఎక్కువమంది దీని వెంటే పడతారు, అందులో తర్కం ఉంది. 1963 నవంబరులో అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగాక, 1964 మార్చిలో ఆయన బొమ్మతో కొత్త హాఫ్ డాలర్ వచ్చింది. ఆ ఏడాది తేదీతో దాదాపు 43 కోట్లు ముద్రించారు. జనం వాటిని ఖర్చు పెట్టలేదు, కెనెడీ జ్ఞాపకంగా దాచుకున్నారు. చిల్లరలో కనిపించక దుకాణాలు వాటి కోసం గల్లాలో అర ఉంచడం మానేశాయి. వెండింగ్ మెషీన్లూ పట్టించుకోలేదు. వాడకం పోయిన నాణెం బ్యాంకు ఖజానాల్లో, క్యాసినోల్లో పేరుకుంది. 2002 నుంచి 2020 దాకా టంకశాల దీన్ని సేకర్తల కోసం మాత్రమే కొట్టింది, చలామణీ కోసం మళ్లీ మొదలుపెట్టింది 2021లో. చేతులు మారని నాణెం మీద కళ్లు పడవు. ఖజానాలో పది మందీ చూడని సంచిలో ఉన్న 1967 హాఫ్ డాలర్‌ను గ్రేషమ్ సూత్రం ఎలా వెళ్లగొడుతుంది? ఇందులోనూ ఒక ముచ్చటైన తేడా ఉంది. 1965 నుంచి 1969 దాకా వచ్చిన 40 శాతం వెండి హాఫ్ డాలర్లు 80 కోట్లకు పైగా. 90 శాతం వెండి ఉన్న ఫ్రాంక్లిన్ బొమ్మవి, అంతకు ముందరి వాకింగ్ లిబర్టీవి ఒక్కో రకం 40 కోట్లకు మించే వచ్చాయి, వాటికి 1964 కెనెడీలు కలిపితే మొత్తం ఇవే ఎక్కువ. రోల్స్‌లో మాత్రం 40 శాతంవే ఎక్కువ తగులుతాయి. వాటి అంచు పూర్తి తెలుపూ కాదు, ఎర్ర గీతా కాదు, మసకగా ఉంటుంది. తేదీ చూస్తే కాని నమ్మకంగా చెప్పలేం. పైగా అది కెనెడీ బొమ్మే, ఇవాళ్టి వెండి లేని నాణెం లాగే ఉంటుంది. బొమ్మ వేరైన ఫ్రాంక్లిన్‌ను ఎవరైనా ఇట్టే పట్టేస్తారు.

ఇంతవరకూ చెప్పినది మిగిలిపోవడం గురించి. కానీ రోల్స్‌లోని వెండి అంతా 1965 నుంచి అక్కడే పడి ఉన్నదనుకుంటే పొరపాటు. దీన్ని లెక్కతో చూపవచ్చు. పెట్టెకు సగటున ఒక వెండి నాణెం ఉందని, అవి యాదృచ్ఛికంగా చెదిరి ఉన్నాయని అనుకుందాం. ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ పేరు మీదున్న సూత్రం ప్రకారం నూటికి 37 పెట్టెల్లో ఒక్కటీ దొరకదు, మరో 37లో ఒకటి, 18లో రెండు, మిగిలిన 8లో మూడు లేదా అంతకు మించి దొరుకుతాయి. ఒక్క పెట్టె తెరిచి ఖాళీగా చూసి పని మానేసినవాళ్లకు ఈ లెక్క తెలియాలి, సగటు సరిగ్గా ఒకటి ఉన్నా మూడింట ఒకరికి పైగా మొదటి పెట్టెలో నిరాశే. అసలు దొరికే తీరు మాత్రం ఈ లెక్కకు కుదరదు. వరసగా ఎన్నో పెట్టెలు ఖాళీ, తరువాత ఒకే పెట్టెలో గుత్తులు గుత్తులుగా, ఒక్కోసారి రోల్ మొత్తం వెండి. యాదృచ్ఛికంగా చెదిరిన నాణేల్లో ఇరవైకి ఇరవై ఒకే రోల్‌లో చేరే అవకాశం లేదనే చెప్పవచ్చు. అంటే అవి చెదిరిన శేషాలు కావు, ఎవరో దాచినవి దాచినట్టే బ్యాంకుకు వచ్చాయి. తాత డబ్బాలో దాచిన రోల్స్‌ను ఆయన పోయాక వారసులు విప్పి చూడకుండానే జమ చేస్తే ఇలాగే జరుగుతుంది. ఇక్కడా లోపించింది చూపే.

అలా తిరిగి రావడం సాధ్యమయ్యేది ఆ నాణేలు ఇంకా చెల్లుతున్నందువల్లే. 1965 చట్టం పాత నాణేలు వేటినీ రద్దు చేయలేదు. ఇక్కడ మన దేశపు అనుభవంతో ఒక పోలిక అవసరం, ఎందుకంటే వెండి విషయంలో రెండు దేశాల కథలు నిజంగానే ముడిపడి ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడ వెండి రూపాయలకు కటకట వచ్చినప్పుడు, 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం కింద 27 కోట్ల వెండి డాలర్లను కరిగించింది. ఆ వెండిలో సింహభాగం బ్రిటన్ కొని భారతదేశానికి పంపితే ఇక్కడి టంకశాలల్లో రూపాయలయింది. రెండో యుద్ధంలో మళ్లీ దాదాపు 22 కోట్ల 60 లక్షల ఔన్సుల వెండి అప్పుగా వచ్చింది, తరువాత తిరిగి చెల్లించారు. ఆ యుద్ధకాలంలోనే ఇక్కడి జనం వెండి రూపాయలు దాచుకోవడం మొదలుపెడితే, 1940లో ప్రభుత్వం రూపాయి నోటు తెచ్చింది, వెండిని సగానికి తగ్గించింది, పాత విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి రూపాయలను ఒక్కొక్కటిగా చలామణీ నుంచి వెనక్కి తీసుకుంది. ఇవాళ తెలుగు ఇళ్లల్లో ఇనప్పెట్టెలో ఉన్న విక్టోరియా రూపాయి కంసాలి దగ్గరికి పోగలదు కాని చిల్లరగా బ్యాంకుకు పోలేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక డబ్బాలో ఉన్న 1964 క్వార్టర్ మాత్రం తెలియనివాళ్ల చేతిలో పడితే ఏ రోజైనా పాతిక సెంట్లుగా తిరిగి చిల్లరలో చేరగలదు. అక్కడ వెండికి తిరిగొచ్చే దారి తెరిచే ఉంది.

రోల్స్ వెతికేవాళ్లలో కొందరు చేసే ఒక పని నాకు నిజంగా నచ్చుతుంది. చూసి వదిలేసిన నాణేల అంచు మీద చిన్న రంగు గుర్తు పెట్టి బ్యాంకులో జమ చేస్తారు. తరువాత తెచ్చిన పెట్టెల్లో ఆ గుర్తులు ఎన్ని కనిపిస్తాయో చూస్తారు. చెరువులో చేపలెన్నో తెలుసుకోవడానికి జీవశాస్త్రవేత్తలు కొన్నిటిని పట్టి, గుర్తు పెట్టి వదిలి, మళ్లీ పట్టినప్పుడు వాటిలో గుర్తున్నవి ఎన్నో చూసి లెక్క కడతారు. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్సన్ పేరు మీదున్న పద్ధతి అది. నాణేలకూ సరిగ్గా అదే వర్తిస్తుంది. గుర్తులు ఎక్కువగా తిరిగొస్తే ఆ ఊళ్లో హాఫ్ డాలర్ల కొలను చిన్నదని, ఉన్నవే మళ్లీ మళ్లీ తిరుగుతున్నాయని అర్థం. అందుకే అనుభవజ్ఞులు నాణేలు తెచ్చే బ్యాంకు ఒకటి, తిరిగిచ్చే బ్యాంకు వేరొకటి పెట్టుకుంటారు.

ఇదంతా సరే, ఇందులో డబ్బుందా అని అడిగేవాళ్లుంటారు. ఔన్సు 30 డాలర్ల లెక్కన 40 శాతం హాఫ్ డాలర్‌లోని 4.6 గ్రాముల వెండి 4 డాలర్ల 44 సెంట్లు. ముఖవిలువ తీసేస్తే నాలుగు డాలర్ల లోపు. పెట్టెకొకటి చొప్పున దొరికినా, పెట్టె తేవడం, యాభై రోల్స్ విప్పడం, వెయ్యి అంచులు చూడడం, మళ్లీ మోసుకెళ్లి జమ చేయడం కలిపితే గంటకు 7.25 డాలర్ల సమాఖ్య కనీస వేతనం కూడా గిట్టదు. దీన్ని వెతుకులాటకు వ్యతిరేకమైన వాదనగా చెబుతారు. నాకు మాత్రం నా వాదనకు అందిన చివరి ఆధారంలా కనిపిస్తుంది. చూసినందుకు వచ్చే ప్రతిఫలం చూసే శ్రమ కన్నా తక్కువైన చోటనే వెండి మిగిలింది. ఎక్కువైన చోట ఎప్పుడో ఎవరో తీసుకున్నారు. ఇందులో మోసమేమైనా ఉందా అంటే, లేదు. బ్యాంకు ముఖవిలువకు ఇచ్చింది, ముఖవిలువకే తిరిగి తీసుకుంటుంది. టెల్లర్లకు శ్రమ కలిగించడం ఒక్కటే మర్యాదగా ఆలోచించవలసిన విషయం.

ఈ పరిస్థితి స్థిరం కాదు. చిల్లర లెక్కపెట్టే నేటి యంత్రాలు 1965 నాటి వెండింగ్ మెషీన్లంత అమాయకమైనవి కావు. నాణేల్లోకి వేర్వేరు పౌనఃపున్యాల్లో అయస్కాంత క్షేత్రాన్ని పంపితే, ఎక్కువ పౌనఃపున్యం పై పొర గురించి, తక్కువది లోపలి రాగి గురించి సమాచారమిస్తుంది. పొరలు లేని వెండి డైమ్ ఆ పరీక్షలో తేలిపోతుంది. దుకాణాల్లో ఉండే చిల్లర యంత్రాలు తిరస్కరించిన నాణేల తొట్టిలో వెండి డైమ్‌లు కనబడడానికి కారణం అదే. యంత్రానికి కూడా చూపు వచ్చినప్పుడు అరవై ఏళ్ల నాటి రక్షణ పోతుంది. మరోవైపు వెండి ధర 2025 అక్టోబరులో ఔన్సుకు 50 డాలర్లు దాటింది, ఆ ధర దగ్గర నాణేన్ని తిప్పి చూడడానికి ఇంకెంతో మందికి ఓపిక వస్తుంది. నా వాదన సరైనదైతే ఇక మీదట వెండి తరిగిపోయే వరస కూడా ముందే చెప్పగలగాలి. యంత్రాలే ఏరేస్తున్న డైమ్‌లు, క్వార్టర్లు ముందు. ఆ తరువాత హాఫ్ డాలర్లలో తేలిగ్గా గుర్తుపట్టగల 90 శాతంవి. మసక అంచున్న 40 శాతంవి వాటి తరువాత. ముఖవిలువకు అన్నిటికన్నా ఎక్కువ రెట్లు పలికే యుద్ధకాలపు నికెల్ అన్నిటికన్నా చివర. లోహపు విలువే వరసను నిర్ణయిస్తుందనేవాళ్ల లెక్కలో ఆ నికెల్ మొదటే మాయం కావాలి. రాబోయే పదేళ్లలో నికెల్ రోల్స్‌లో 1943, 1944 తేదీలు ఏ వేగంతో తగ్గుతాయో చూస్తే ఎవరి లెక్క సరైనదో తేలుతుంది.